మడ అడవిలో చెట్లు ఒత్తుగా ఉన్నాయంటే అక్కడి మట్టి సారవంతమైనట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మడ అడవిలో పాయ ఒడ్డు నుంచి లోపలికి 10 మీటర్ల చదరపు ప్లాట్లు 18 వేశారు, ప్రతి ప్లాటులో చెట్లు లెక్కపెట్టారు, మట్టి తీసి నత్రజని, భాస్వరం, సేంద్రియ కర్బనం పరీక్ష చేయించారు. పోషకాలు ఎక్కువున్న చోట చెట్లు ఎక్కువ ఉంటాయనుకుంటే, తీరా చూసేసరికి నత్రజని ఎక్కువున్న ప్లాట్లలో చెట్ల సంఖ్య తక్కువ వచ్చింది. లోపలి 14, 15, 16 ప్లాట్లలో నత్రజని బాగా తక్కువ, చెట్లు మాత్రం కిక్కిరిసి ఉన్నాయి. భాస్వరానికీ చెట్ల సంఖ్యకీ సంబంధమే కనబడలేదు. "నేనేమైనా తప్పు చేశానా, ఇప్పుడు థీసిస్‌లో ఏం రాయాలి" అన్నారు. పలచగా ఉన్న చోట ఎరువు వేసి మొక్కలు నాటితే బాగుంటుందా అని కూడా అడిగారు.

సూటిగా చెబుతాను. మీ డేటా తప్పు కాకపోవచ్చు. మీరు ఎంచుకున్న కొలతే ఈ ప్రశ్నకి సరిపోదు. చెట్ల సంఖ్యని బట్టి మట్టి బలం తెలియదు. మడ అడవిలో చాలాసార్లు బలం లేని నేల మీదే చెట్లు ఒత్తుగా, సన్నగా, పొట్టిగా ఉంటాయి. బలమైన నేల మీద కొన్ని చెట్లు లావెక్కి మిగతావాటిని అణిచేస్తాయి. అందుకని సంఖ్యతో పాటు బేసల్ ఏరియా (కాండాల మొత్తం అడ్డుకోత వైశాల్యం) లెక్కేయండి, దాని పక్కన మట్టి నీటి లవణీయత పెట్టండి, పోషకాలని శాతంలో కాకుండా ఘనపరిమాణం మీద చూడండి. ఈ మూడూ చేశాక ఆ 18 ప్లాట్లు మీకే వేరేలా కనబడతాయని నా నమ్మకం. ఎరువు మాత్రం వేయకండి, ఎందుకో చివర్లో చెబుతాను.

నేను 20 ఏళ్లకు పైగా ఈ బురదలో ప్లాట్లు వేస్తున్నాను. మొదటి రెండేళ్లూ నాది కూడా మీ పరిస్థితే, సంఖ్యని పోషకాలతో పక్కపక్కన పెట్టి గ్రాఫ్ గీయడం, చుక్కలు చెల్లాచెదురుగా రావడం, టెన్షన్ పడటం. అప్పుడు నాకు ఎవరైనా ఈ చిన్న లెక్క చూపించి ఉంటే చాలా కాలం కలిసొచ్చేది, అందుకే ముందు అదే చెబుతున్నాను.

రెండు ప్లాట్లు తీసుకోండి. మొదటిదానిలో 120 కాండాలు, ఒక్కొక్కటి 4 సెంటీమీటర్ల వ్యాసం. రెండోదానిలో 14 చెట్లు, ఒక్కొక్కటి 18 సెంటీమీటర్లు. హెక్టారుకి లెక్కేస్తే మొదటిది 12,000, రెండోది 1,400. సంఖ్య చూస్తే మొదటిదే గొప్ప అడవి. ఇప్పుడు బేసల్ ఏరియా చూడండి, అంటే ఛాతీ ఎత్తులో కాండాలన్నిటినీ అడ్డంగా కోస్తే వచ్చే మొత్తం వైశాల్యం. 4 సెంటీమీటర్ల కాండం అడ్డుకోత సుమారు 12.6 చదరపు సెంటీమీటర్లు, 18 సెంటీమీటర్లది సుమారు 254. హెక్టారుకి మొదటి ప్లాటు 15 చదరపు మీటర్లు, రెండోది 35 పైచిలుకు. సంఖ్యలో ఎనిమిదో వంతు ఉన్న ప్లాటులో కట్టె రెట్టింపు కంటే ఎక్కువ ఉంది! మట్టి నుంచి పోషకాలు తీసుకుని ఒళ్లు చేసింది రెండో అడవి, కానీ మీ గ్రాఫ్‌లో అది "తక్కువ సాంద్రత" అన్న చుక్కగా పడుతుంది. (లెక్కేసేటప్పుడు సగటు వ్యాసం తీసి వర్గం చేయకండి, ప్రతి కాండానికీ విడిగా వైశాల్యం తీసి కూడండి, లేకపోతే పెద్ద చెట్ల వాటా తగ్గిపోతుంది.)

దీని వెనక ఉన్నది పోటీ. కొత్తగా మొలిచిన మడలో హెక్టారుకి పదివేలు, ఇరవైవేలు, ఇంకా ఎక్కువ మొక్కలు కూడా ఉంటాయి. అవి ఎదిగేకొద్దీ వెలుతురు కోసం, వేళ్లకి చోటు కోసం ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, బలహీనమైనవి ఎండిపోతాయి, చివరికి పెద్దవి వెయ్యీ రెండువేలో మిగులుతాయి. నేల బాగుంటే ఈ ఏరివేత త్వరగా జరుగుతుంది, ఎందుకంటే గెలిచే చెట్లు త్వరగా పైకి లేస్తాయి. నేల బాగా లేకపోతే ఏదీ ఎదగదు, దేన్నీ తొక్కదు, అన్నీ అలాగే ఇరుక్కుని బతుకుతుంటాయి. అంటే ఒకే వయసున్న రెండు అడవుల్లో సారం ఎక్కువున్నదే పలచబడిపోయి కనిపించొచ్చు. వయసు తెలియకుండా సంఖ్యకి అర్థం చెప్పలేం. పాతికేళ్ల కిందట నరికేసిన చోటు, నిరుడు తుపానుకి పడిపోయిన చోటు, ఎవరూ ముట్టుకోని చోటు ఒకే గ్రాఫ్‌లో కలిపితే పోషకాల ప్రభావం అందులో మునిగిపోతుంది. ప్లాటులో పాత మొద్దులు ఉన్నాయేమో లెక్కపెట్టారా? లేకపోతే మళ్లీ వెళ్లినప్పుడు తప్పకుండా చూడండి.

మీ 14, 15, 16 ప్లాట్ల గురించి నా అనుమానం వేరే ఉంది. ఉప్పు పర్ర, అంటే ఉప్పు తేలిన బోడి నేల, అంచున ఉండే పొట్టి తెల్లమడ గుంపులోకి నడిచి చూడండి. చెట్టు నడుము దాకా ఉంటే గొప్ప. ఆకులు చిన్నవి, దళసరివి, మీద ఉప్పు పలుకులు వేలికి గరగరా తగులుతాయి. కొమ్మ చివర పట్టుకుని చూస్తే కణుపుకీ కణుపుకీ మధ్య వేలి వెడల్పు కూడా ఉండదు. మొదలు దగ్గర వంగి చూస్తే ఒకే వేరు మీద నుంచి ఐదారు కాండాలు లేచి ఉంటాయి. ఇవి లేత మొక్కలు కావు, వయసులో దశాబ్దాలు దాటి ఉండొచ్చు. ఇలాంటి చోట మీరు ప్రతి కాండాన్నీ ఒక చెట్టుగా రాసుకున్నారా, లేక మొదలుని బట్టి రాశారా? ఇది ప్లాటుకి ప్లాటుకి మారితే సంఖ్య ఐదింతలు తేడా వస్తుంది, ఆ తేడాకీ మట్టికీ సంబంధం ఉండదు. పైగా నడుమెత్తు చెట్టుకి ఛాతీ ఎత్తులో, అంటే 1.3 మీటర్ల దగ్గర, వ్యాసం అనే మాటే కుదరదు, అక్కడ నేల నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర కొలిచి, ఆ విషయం రాయండి. రైజోఫోరాకి, అంటే మన ఉప్పు పొన్న జాతికి, అన్నిటికంటే పైనున్న ఊత వేరు నుంచి 30 సెంటీమీటర్లు పైన కొలవాలి. టేపుతో చుట్టుకొలత తీసి ఉంటే 3.14తో భాగించడం మరిచిపోకండి, వ్యాసం బదులు చుట్టుకొలతే ఎక్కించేసిన పట్టికలు నేను ఒకటికి రెండుసార్లు చూశాను.

ఇక పోషకాల విషయం. "పోషకాలు" అని అన్నిటినీ కలిపి మాట్లాడితే మడ అడవి అర్థం కాదు. ఒక చోట చెట్టుని ఆపుతున్నది నత్రజని, ఇంకోచోట భాస్వరం, వేరేచోట రెండూ. దీన్ని నేరుగా ఎరువు పెట్టి చూసిన పని మధ్య అమెరికా దేశం బెలీజ్‌లోని ట్విన్ కేస్ అనే చిన్న దీవుల్లో జరిగింది. ఇల్కా ఫెల్లర్, ఆమెతో పనిచేసినవాళ్లు చెట్ల పక్కన గుంతలు తీసి కొన్నిటికి యూరియా, కొన్నిటికి సూపర్ ఫాస్ఫేట్ పెట్టారు. నీటి అంచున ఉన్న ఎత్తైన చెట్లు నత్రజనికి స్పందించాయి. దీవి మధ్యలోని మరుగుజ్జు చెట్లకి నత్రజని పెట్టినా కదలలేదు, భాస్వరం పెట్టగానే జోరుగా ఎదిగాయి. మధ్యలో ఉన్నవాటికి రెండూ కావలసి వచ్చాయి. ఇదంతా ఒకే చిన్న దీవి, ఒకే జాతి చెట్టు, కొన్ని పదుల మీటర్ల దూరంలో. ఇప్పుడు మీ 18 ప్లాట్లూ ఒడ్డు నుంచి లోపలికి ఒకే గీత మీద ఉన్నాయి కదా, ఆ గీత మీద కొరత నత్రజని నుంచి భాస్వరానికి మారిపోతుంటే, అన్ని ప్లాట్లకీ కలిపి ఒకే కోరిలేషన్ (రెండు కొలతలు కలిసి ఎలా మారుతున్నాయో చెప్పే లెక్క) వేస్తే ఏమొస్తుంది? ఒక సగం ఇంకో సగాన్ని చెరిపేస్తుంది.

ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్‌లో ఇంకో విధంగా ఉంటుంది. అక్కడ లోతట్టు నుంచి వచ్చే మంచినీటిలో భాస్వరం చాలా తక్కువ, సముద్రం వైపు నుంచే ఎక్కువ వస్తుంది. షార్క్ నది మొగ దగ్గర చెట్లు ఎత్తుగా ఉంటాయి, పైకి పోయేకొద్దీ మట్టిలో భాస్వరం తగ్గుతుంది, చెట్లూ కురచబడతాయి. 2005లో విల్మా హరికేన్ వచ్చినప్పుడు చెట్లని విరిచేసింది, కానీ అదే తుపాను సముద్రపు అడుగునుంచి భాస్వరం ఉన్న మట్టిని తెచ్చి అడవిలో పరిచింది. అంటే చెట్ల సంఖ్య పడిపోయిన ఏడాదే మట్టిలో భాస్వరం పెరిగింది. ఆ ఏడాది ఎవరైనా మీలాగే ప్లాట్లు వేసి ఉంటే "భాస్వరం ఎక్కువైతే చెట్లు తగ్గుతాయి" అని తేలేది.

మీ దగ్గర ఆకులు ఉంటే నత్రజని, భాస్వరం రెండూ చేయించి నిష్పత్తి చూడండి. బరువు లెక్కన 14 కంటే తక్కువైతే నత్రజని కొరత, 16 దాటితే భాస్వరం కొరత అని చిత్తడి నేలల్లో ఒక గుర్తు వాడతారు. అది మంచినీటి చిత్తడి మొక్కల మీద వచ్చిన లెక్క, మడ చెట్లకి గీత గీసినట్టు సరిపోదు, కానీ ఒడ్డు నుంచి లోపలికి ఆ నిష్పత్తి ఎటు మారుతోందో చూస్తే చాలా తెలుస్తుంది. ఒకే జాతి ఆకులే తీయాలి, కొమ్మ చివరి నుంచి రెండో జత, ఎండ తగిలేవి, పండుబారనివి.

అన్నిటికంటే ముందు లవణీయత. మీరు పంపిన వివరాల్లో అది లేదు, నాకు అదే పెద్ద లోటుగా కనబడింది. సముద్రపు నీటిలో ఉప్పు లీటరుకి సుమారు 35 గ్రాములు. పోటు రోజూ రాని లోపలి నేలల్లో నీరు ఆవిరై మట్టి నీటిలో ఉప్పు 60, 70 దాకా, ఇంకా పైకీ పోతుంది. అంత ఉప్పులో చెట్టుకి నీరు పీల్చడమే కష్టం, ఎంత పోషకం ఉన్నా వాడుకోలేదు. అక్కడ మిగిలేది తెల్లమడ లాంటి కొన్ని జాతులే, అవీ మరుగుజ్జుగా. లవణీయత, నేల ఎత్తు, పోటు ఎన్నిసార్లు ముంచుతుందనేది, మట్టిలో బంక శాతం, ఇవన్నీ ఒడ్డు నుంచి లోపలికి ఒకేసారి మారతాయి, వాటితో పాటు నత్రజనీ మారుతుంది. మీరు నత్రజని అనుకుంటున్న ప్రభావం ఉప్పుది కావచ్చు. పాటు వేళ, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గినప్పుడు, 30 సెంటీమీటర్ల గుంత తీసి, ఊరిన నీటిని ఉప్పు ఎంతుందో చూపే, చేతిలో ఇమిడే రిఫ్రాక్టోమీటర్ మీద రెండు చుక్కలు వేసి చూడండి. ఒక్క పాటులో ఏడెనిమిది ప్లాట్లు అయిపోతాయి. గుంత పై నీరు కాదు, పక్కల నుంచి ఊరిన నీరు.

నత్రజని ఎక్కువున్న చోట చెట్లు తక్కువ ఎందుకున్నాయన్నది నాకు బాగా ఇష్టమైన ప్రశ్న. మీరు కొలిచింది మట్టిలో మిగిలిన నత్రజని. ఎక్కువ చెట్లు గట్టిగా లాగేస్తుంటే మట్టిలో మిగిలేది తక్కువే ఉంటుంది. చెట్లు చచ్చిపోయిన చోట తీసుకునే వేళ్లు లేక అమ్మోనియం పేరుకుపోతుంది. మడ బురదలో గాలి ఆడదు కాబట్టి అక్కడ నత్రజని ప్రధానంగా అమ్మోనియం రూపంలోనే ఉంటుంది, నైట్రేట్ బహు తక్కువ. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఒక ప్రయోగం చేశారు, రైజోఫోరా అడవిలో కొన్ని చోట్ల పీతలని పట్టి తీసేశారు. పీతల బొరియలు లేకపోయేసరికి మట్టికి గాలి తగ్గింది, కుళ్లిన గుడ్డు వాసనకి కారణమయ్యే సల్ఫైడ్ పెరిగింది, అమ్మోనియం కూడా పెరిగింది, చెట్ల ఎదుగుదల మాత్రం తగ్గింది. చూశారా, నత్రజని పెరిగింది, చెట్టు కుంగింది, రెండిటికీ కారణం గాలి లేకపోవడమే. కుళ్లిన గుడ్డు వాసన కొట్టే ప్లాట్లు ఏవో రాసుకుని ఉంటే వాటిని విడిగా గుర్తించండి, బహుశా మీ ఎక్కువ నత్రజని ప్లాట్లు అవే. శ్వాస వేర్లు ఒత్తుగా ఉన్న చోట ఆ వాసన తక్కువ ఉండటం మీరూ గమనించే ఉంటారు, ఆ వేళ్ల ద్వారా దిగే గాలి చుట్టూ బురదని కొంత మారుస్తుంది.

ఇప్పుడు ల్యాబ్ సంగతి, కొంచెం వివరంగా చెబుతాను. ఎందుకంటే మట్టి పరీక్షల్లో చాలా వరకు పొలం మట్టి కోసం పెట్టుకున్నవి, మడ బురద పొలం మట్టి కాదు.

మడ బురదని కోర్ గొట్టంతో పైకి తీసినప్పుడు అది నీలం కలిసిన నల్ల రంగులో ఉంటుంది. చేతిలో విరిచి పెట్టుకుని కొద్దిసేపు చూడండి, పైపొర బూడిద రంగుకి, తర్వాత గోధుమ రంగుకి తిరుగుతుంది. అది గాలి సోకి ఇనుము, గంధకం మారడం. ఆ బురదని పొలం మట్టిలా నీడలో వారాల తరబడి ఆరబెడితే గంధకం ఆమ్లమవుతుంది. ఒకసారి నేను గుంత దగ్గర పీహెచ్ చూస్తే ఇంచుమించు 7 ఉంది, అదే బురద నెల తర్వాత ఒక ల్యాబ్ రిపోర్టులో 4 లోపు వచ్చింది. ఆ మట్టిలో ఎవరైనా ఆమ్లం పోశారా అనిపించింది. ల్యాబ్ వాళ్లు సరిగ్గానే కొలిచారు, ఆరబెట్టి పంపింది నేనే. భాస్వరానికీ ఇదే దెబ్బ. గాలి తగిలితే ఇనుము తుప్పుగా మారి భాస్వరాన్ని పట్టేసుకుంటుంది, ఆరిన నమూనాలో "లభ్య భాస్వరం" తక్కువ కనబడుతుంది, అది కూడా అన్ని ప్లాట్లలో ఒకేలా కాదు, ఇనుము ఎక్కువున్న చోట ఎక్కువ తగ్గుతుంది. మీకు భాస్వరంతో సంబంధం కనబడకపోవడానికి ఇదొక్కటి చాలు. అమ్మోనియం, లభ్య భాస్వరం కావాలంటే తడి నమూనాని గాలి లేకుండా సంచిలో బిగించి, ఐస్ పెట్టెలో తెచ్చి, వీలైనంత వరకు మర్నాటికల్లా పరీక్ష చేయించాలి, తేమ శాతం విడిగా తీసి లెక్క సర్దాలి. మొత్తం నత్రజని, మొత్తం భాస్వరం అయితే ఆరబెట్టినా అంత ఇబ్బంది లేదు.

సేంద్రియ కర్బనం పరీక్ష డైక్రోమేట్ అనే రసాయనంతో చేశారా అని ల్యాబ్ వాళ్లని అడగండి. ఉప్పులోని క్లోరైడ్ కూడా డైక్రోమేట్‌ని తినేస్తుంది, బురదలోని సల్ఫైడ్, ఫెర్రస్ ఇనుము కూడా. అంటే ఉప్పు ఎక్కువున్న ప్లాటుకి కర్బనం ఎక్కువున్నట్టు చూపిస్తుంది. ఆమ్లంలో సిల్వర్ సల్ఫేట్ కలిపితే క్లోరైడ్ తంటా తగ్గుతుంది. కలిపారో లేదో రిపోర్టులో ఉండదు, ఫోన్ చేసి అడగాల్సిందే.

చివరిది, చాలామంది వదిలేసేది, బల్క్ డెన్సిటీ, అంటే ఒక ఘన సెంటీమీటరు చోటులో ఆరిన మట్టి ఎంత బరువుందన్నది. వేళ్లు కుళ్లి తయారైన పీట్ లాంటి నేల ఘన సెంటీమీటరుకి 0.15 గ్రాములే ఉండొచ్చు, బంకమన్ను 0.8 ఉండొచ్చు. పీట్‌లో నత్రజని 1.2 శాతం, బంకమన్నులో 0.25 శాతం అనుకోండి. శాతం చూస్తే పీట్‌లో దాదాపు 5 రెట్లు. కానీ చెట్టు వేరు ఒక గ్రాము మట్టిలో బతకదు, ఇంత చోటులో బతుకుతుంది. ఘన సెంటీమీటరుకి లెక్కేస్తే పీట్‌లో 1.8 మిల్లీగ్రాములు, బంకమన్నులో 2. తేడా పోవడమే కాదు, తిరగబడింది. భాస్వరం పీట్‌లో 0.04 శాతం, బంకమన్నులో 0.06 శాతం అనుకుంటే, శాతంలో ఒకటిన్నర రెట్లు కనబడిన తేడా ఘనపరిమాణంలో 8 రెట్లు అవుతుంది. మీ ప్లాట్లలో కొన్ని మెత్తటి పీట్, కొన్ని జిగట బంకమన్ను అయితే, శాతాలతో వేసిన ఏ కోరిలేషన్‌నీ నమ్మకండి. తెలిసిన ఘనపరిమాణం ఉన్న గొట్టంతో కోర్ తీసి, మొత్తాన్ని 105 డిగ్రీల దగ్గర బరువు మారనంత వరకు ఆరబెట్టి తూచితే పని అయిపోతుంది. దీనికి ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు, అయినా ఇది చేయకుండా వచ్చిన పట్టికలే నాకు ఎక్కువ కనబడతాయి, అది చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే బురదలో పడ్డ కష్టమంతా ఆ ఒక్క అంకె లేక వృథా అవుతుంది.

ఇంకో సంగతి, కారణం ఎటు నుంచి ఎటు అన్నది కూడా ఆలోచించండి. మట్టి చెట్లని చేస్తుందని మాత్రమే మనం అనుకుంటాం. మడలో చెట్లు కూడా మట్టిని చేస్తాయి. ఒత్తైన కాండాలు, ఊత వేళ్లు పోటు నీటి వేగాన్ని తగ్గిస్తాయి, నీటిలో తేలే సన్న మట్టి అక్కడే దిగుతుంది, దానితో పోషకాలూ దిగుతాయి. శ్రీలంకలోని పుత్తళం మడుగులో రైజోఫోరా మొక్కలని వేర్వేరు సాంద్రతల్లో నాటి చూశారు, చదరపు మీటరుకి ఒకటి దగ్గర నుంచి ఏడు దాకా. ఒత్తుగా నాటిన చోట మట్టి ఎక్కువ పేరుకుంది, మొక్కలు కూడా ఎక్కువ బతికాయి. లేత దశలో ఒత్తుగా ఉండటం మేలు చేసిందన్నమాట. అదే అడవి పెద్దయ్యాక పోటీ మొదలవుతుంది. మీ థీసిస్‌లో "పోషకాల వల్ల సాంద్రత" అని రాయొద్దు, "పోషకాలతో పాటు సాంద్రత ఎలా మారుతోంది" అని రాయండి. పరీక్ష చేసేవాళ్లు పట్టుకునేది సరిగ్గా అక్కడే.

18 ప్లాట్లతో ఏం చేయొచ్చంటే, ముందు వాటిని ఒడ్డు, మధ్య, లోపల అని మూడుగా విడదీసి, ఒక్కో భాగంలో చుక్కలు విడి రంగుల్లో వేసి కళ్లతో చూడండి. ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్. బేసల్ ఏరియా, సగటు ఎత్తు, సంఖ్య మూడిటినీ పక్కపక్కన పెట్టండి. లవణీయతని లెక్కలో ఉంచి ఆ మీదట భాస్వరం ఏమైనా చెబుతోందా చూడండి. 18 ప్లాట్లకి ఆరేడు చలరాశులు ఎక్కిస్తే ఏదో ఒకటి ముఖ్యమైనదిగా బయటపడుతుంది, అది నిజం అనుకోకండి. రెండో మూడో ఎంచుకోండి, ఎందుకు ఎంచుకున్నారో ముందే రాసుకోండి. జాతులని కూడా కలపకండి, తెల్లమడ, ఉప్పు పొన్న, తిల్ల ఒక్కోటి ఒక్కో తీరుగా ఎదిగేవి. మొక్కలు, గున్నలు, చెట్లు మూడు విడి లెక్కలుగా చూపండి.

ఎరువు మాట. చెట్లు పలచగా ఉన్న చోట నూటికి తొంభై సందర్భాల్లో కొరత పోషకం కాదు, నీరు. పాయ పూడిపోయి పోటు రాకపోవడమో, గట్టు కట్టి నీరు నిలిచిపోవడమో, నేల ఎత్తు తప్పడమో, ఇవీ నేను చూసిన కారణాలు. (ఆ తొంభై నా అనుభవంలో అంచనా, లెక్క తీసిన అంకె కాదు.) ఒకచోట మూడుసార్లు నాటి మూడుసార్లూ పోయిన పర్రలో, పూడిన పాయ తవ్వి పోటుకి దారి ఇచ్చాక, నాటకుండానే నాలుగేళ్లలో మొలకలు లేచాయి. ఆ మట్టిలో ఒక్క గుప్పెడు ఎరువు వేయలేదు. ఎరువు వేస్తే జరిగే నష్టం కూడా తెలిసిందే. మడ అడవుల పరిశోధకురాలు కేథరిన్ లవ్‌లాక్, ఆమెతో కలిసి పనిచేసినవాళ్లు 2009లో ప్రచురించిన ఫలితాల్లో, నత్రజని వేసిన మడ చెట్లు వాన తక్కువగా, ఉప్పు ఎక్కువగా ఉన్న చోట్ల కరువు వచ్చినప్పుడు ఎక్కువ చచ్చిపోయాయి. పోషకం దొరికితే చెట్టు కొమ్మా ఆకూ పెంచుతుంది, వేళ్ల మీద పెట్టే ఖర్చు తగ్గిస్తుంది. నీళ్లు చాలని రోజు వచ్చేసరికి ఆ ఆకులన్నిటికీ నీరందించేంత వేరు ఉండదు. దానికి తోడు పోటు వచ్చి మీరు వేసిన యూరియాలో చాలా వరకు పాయలోకి పట్టుకుపోతుంది, అక్కడ నాచు పెంచుతుంది.

వచ్చే అమావాస్యకో పౌర్ణమికో పాటు బాగా దిగినప్పుడు 14, 15, 16 ప్లాట్లకే ముందు వెళ్లండి. రిఫ్రాక్టోమీటర్, గొట్టం, టేపు చాలు. మొదళ్లు విడిగా, కాండాలు విడిగా లెక్కపెట్టండి, గుంత నీటి ఉప్పు చూడండి, ఒక్కో ప్లాటులో ఐదు చోట్ల నుంచి కోర్‌లు తీయండి, 0 నుంచి 15 సెంటీమీటర్లు, 15 నుంచి 30 వేర్వేరుగా. తర్వాత ఒడ్డున ఉన్న మొదటి మూడు ప్లాట్లలో అదే పని చేసి, ఆ ఆరు ప్లాట్ల అంకెలు చుట్టుకొలతలతో సహా ఇక్కడ పెట్టండి. నేను కూర్చుని మీతో కలిసి లెక్కేస్తాను.